పిల్లల నడుముకు నల్ల బెల్టు ఎప్పుడు కట్టాలి?

తల్లిదండ్రులకు, తోటి కరాటే మాస్టార్లకు, బడుల యాజమాన్యాలకు మనవి



పోయిన వేసవిలో ఒకావిడ తన కొడుకును మా క్లాసుకు తీసుకొచ్చింది. వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం. పిల్లాడికి తొమ్మిదేళ్లు. నడుముకు నల్ల బెల్టు, దానిమీద బంగారు దారంతో కుట్టిన పేరు. "మావాడు బ్లాక్ బెల్ట్ మాస్టారూ, పెద్దపిల్లల క్లాసులో వేసుకోండి" అంది. హేయాన్ షోదాన్ అనే కటాను, అంటే వరసగా చేసే కదలికల పాఠాన్ని, చేసి చూపించమంటే ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చేసేశాడు. అప్పుడు వాడి ఈడు పిల్లాణ్ణే ఒకణ్ణి పిలిచి, ఈ కొత్త పిల్లాడి మణికట్టు గట్టిగా పట్టుకోమన్నాను. విడిపించుకోలేకపోయాడు. రెండోసారీ అంతే. మూడోసారికి కళ్లనిండా నీళ్లు పెట్టుకుని వాళ్లమ్మ వైపు చూశాడు. పట్టుకున్న పిల్లాడిది పసుపు బెల్టు.

ఆ తల్లి కోపం తెచ్చుకోలేదు. పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగింది: "అయితే ఇన్నాళ్లూ ఏం నేర్పినట్టు మాస్టారూ? మూడు నెలలకోసారి గ్రేడింగ్ అన్నారు. అన్నప్పుడల్లా కట్టాం. వాడు ఒక్కసారి కూడా ఫెయిలవలేదు."

ఆ ప్రశ్నకు జవాబు ఆమె ఒక్కదానికే చెబితే చాలదనిపించింది. అందుకే ఈ కరపత్రం.

మన ఊళ్లలో క్యాలెండర్ చూసి బెల్టులిచ్చే పద్ధతి పోవాలి. పదహారేళ్లు నిండని పిల్లలకు నల్ల బెల్టు కట్టడం మానాలి. ఫీజు తీసుకున్న మాస్టారే పరీక్ష కూడా పెట్టే ఏర్పాటు మారాలి. నేను అడుగుతున్నది ఇదే. ఎందుకు అడుగుతున్నానో ఓపిగ్గా వినండి.

ముందు లెక్క చూద్దాం. మన దగ్గర చాలాచోట్ల క్లాసు వారానికి రెండు రోజులు, రోజుకు గంట. మూడు నెలలంటే పదమూడు వారాలు, ఇరవై ఆరు గంటలు. యూనిట్ టెస్టులు, పండగలు, వానలు, జ్వరాలు తీసేస్తే ఇరవై మిగిలితే గొప్ప. అందులోనూ ప్రతి గంటలో సగం వరసల్లో నిలబెట్టడానికీ ఒళ్లు వేడెక్కించడానికీ పోతుంది. నికరంగా నేర్పేది పది గంటలు. ఆ పది గంటలకు ఒక రంగు. తెలుపు నుంచి నలుపుకు తొమ్మిది మెట్లనుకుంటే ఇరవై ఏడు నెలలు. ఆరో ఏట చేరిన పిల్ల తొమ్మిదేళ్లు నిండకముందే బ్లాక్ బెల్ట్ అయిపోతుంది. మొత్తం నేర్చుకున్నది తొంభై గంటలు. నాలుగు రాత్రింబవళ్లకు సరిపడా గంటలు కూడా కావవి.

సుమన్ సినిమాలు చూసి 1980లలో కరాటేలో చేరిన తరం మాది. నాకు పసుపు బెల్టు రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా మా మాస్టారు నేర్పింది మహా అయితే నాలుగైదు విషయాలు. ముందుకాలు వంచి వెనకకాలు చాచి నిలబడే జెన్కుత్సు దాచి. మడమ దగ్గర పుట్టిన బలం నడుము తిరగడంతో పిడికిట్లోకి వచ్చే గ్యాకు జుకి. ఒక చెయ్యి గుద్దుతుంటే రెండో చెయ్యి నడుము దగ్గరికి లాక్కునే హికితే. చూడ్డానికి ఇంతే. కానీ భుజం బిగబట్టకుండా, మడమ లేవకుండా ఒక్క గుద్దు ఒంటికి పట్టాలంటే వేలసార్లు చెయ్యాలి. దానికి దగ్గరదారి నాకు ఇప్పటికీ దొరకలేదు. షోటోకాన్ పద్ధతిలో ఆ పునాది మీదే ఐదు హేయాన్ కటాలు, ఆపైన టెక్కి షోదాన్, ఆపైన బస్సాయ్ దాయ్ నిలబడాలి. పునాది పడకుండా కటా మీద కటా వేసుకుంటూ పోతే పిల్లాడికి వచ్చేది అభినయం.

అసలు ఈ బెల్టులు ఎక్కడివి? కరాటే పుట్టిన ఒకినావాలో పాతకాలంలో బెల్టుల మెట్లే లేవు. జపాన్‌లోని పాత జుజుట్సు సంప్రదాయాల్లోనూ లేవు. అక్కడ గురువు శిష్యుడికి రాతపత్రం ఇచ్చేవాడు. మొకురొకు అంటే ఇంతవరకు నేర్చుకున్నావని. మెన్క్యో అంటే అర్హత. మెన్క్యో కైదెన్ అంటే మా సంప్రదాయం మొత్తం నీకు అప్పగించామని. ఆ జుజుట్సు నేర్చుకున్న జిగొరో కానో 1882లో కొదొకాన్ అనే బడి స్థాపించి జూడోకు రూపమిచ్చాడు. మరుసటి ఏడాది ఇద్దరు శిష్యులకు మొదటి దాన్ ఇచ్చాడు. దాన్ అనే మెట్ల లెక్క అంతకుముందే గో అనే గళ్లపలక ఆటలో ఉండేది. ఒకినావా బడిపంతులు గిచిన్ ఫునకోషి 1922లో టోక్యో వెళ్లి కరాటేను ప్రదర్శించాడు. కానో పద్ధతినే తీసుకుని 1924లో తన శిష్యులకు తొలి దాన్‌లు ఇచ్చాడు. తెలుపుకూ నలుపుకూ మధ్య ఇన్ని రంగులు వచ్చి చేరింది ఆ తర్వాత, ఐరోపాలోని జూడో క్లబ్బుల్లో. పారిస్‌లో జూడో నేర్పిన మికోనొసుకే కవాయిషి పేరు ఆ సందర్భంలో తరచూ చెబుతారు.

రంగులు తప్పని నేననను. నల్ల బెల్టు దాకా ఆగలేని మనిషికి, అందులోనూ పిల్లలకు, ఎక్కుతున్న మెట్టు కంటికి కనబడాలి. మంచి ఆలోచనే. కాకపోతే మెట్టు ఎక్కినవాడికే రంగు మారాలి.

ఇంకో మాట. మొదటి దాన్‌ను, అంటే నల్ల బెల్టులో తొలి మెట్టును, జపనీయులు షోదాన్ అంటారు. షో అంటే మొదలు. పిల్లాడు పలక పక్కనపెట్టి పుస్తకం పట్టుకున్నాడని దాని అర్థం. మనం దాన్ని పట్టా పుచ్చుకోవడంగా మార్చేశాం. నల్ల బెల్టు రాగానే పిల్లలు క్లాసు మానేస్తున్నారంటే కారణం ఇదే. చదువు మొదలయ్యేచోట సెలవు ఇచ్చి పంపేస్తున్నాం.

మన కుస్తీ తాలింఖానాల సంగతే చూడండి. విజయనగరం పేరు చెబితే గుర్తొచ్చే కోడి రామమూర్తి నాయుడు గారు ఏ బెల్టు చూపించి మల్లయోధుడయ్యారు? కుస్తీ నేర్పే వస్తాదు కుర్రాణ్ణి మట్టిలోకి దించి, ఎవరితో ఎంతసేపు నిలబడ్డాడో కళ్లారా చూసి ఎంచేవాడు. ఎదుటివాడు ఒప్పుకోనప్పుడు నీకేం చేతనవునన్నదే అక్కడ పరీక్ష.

బ్రెజిల్ జియు జిట్సులో ఆ పరీక్ష ఈనాటికీ బతికి ఉంది. కొదొకాన్‌లో నేర్చుకున్న మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరి, తర్వాత కార్లోస్ గ్రేసీ లాంటివాళ్లకు నేర్పాడు. అక్కణ్ణుంచి పెరిగిన విద్య ఇది. పెద్దవాళ్లకు నలుపు దాకా ఐదే రంగులు: తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు. దాని అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం నీలానికి కనీస వయసు పదహారేళ్లు, నలుపుకు పంతొమ్మిదేళ్లు. నీలంలో కనీసం రెండేళ్లు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమలో ఏడాది ఉండాలి. నల్ల బెల్టుకు పదేళ్లు పట్టినా అక్కడెవరూ ఆశ్చర్యపోరు. పిల్లలకు బూడిదరంగు, పసుపు, నారింజ, ఆకుపచ్చ అని వేరే వరస ఉంది. వాళ్లకూ ప్రోత్సాహం దొరుకుతోంది, నలుపు విలువా నిలుస్తోంది. కొరియా విద్య తైక్వాండోలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. పదిహేనేళ్లలోపు పిల్లలకు దాన్ బదులు పూమ్ అని వేరే స్థాయి పెట్టి, ఎరుపూ నలుపూ కలిసిన బెల్టు కడతారు. కొరియావాళ్లు చెయ్యగలిగింది మన జిల్లా కరాటే మాస్టార్లం కూర్చుని ఒక్క సాయంత్రంలో తేల్చుకోలేమా?

జియు జిట్సు క్లాసులో చివరి భాగమంతా పెనుగులాటే. పట్టు బిగిస్తే రెండుసార్లు తడతాం, వాడు వదిలేస్తాడు, మళ్లీ మొదలు. అర్హత లేని బెల్టు అక్కడ ఐదు నిమిషాల్లో బయటపడిపోతుంది. కరాటే తక్కువదని దీనర్థం కాదు, నా జీవితమంతా కరాటేలోనే గడిచింది. కానీ కటా ఒక్కటే చూసి బెల్టు ఇస్తే లోపం ఏళ్లతరబడి దాక్కుంటుంది. అందుకే పసుపు బెల్టు నుంచే మన పరీక్షలో రెండు విషయాలు చేర్చాలంటున్నాను. ఒకటి, తల నేలకు తగలకుండా వెనక్కి, పక్కకు పడటం. కరాటే ఎన్నేళ్లు చేసినా పిల్లాడు ఎవరినీ కొట్టాల్సిన అవసరం రాకపోవచ్చు. సైకిలు మీంచి పడటం మాత్రం ఖాయం. రెండోది, నిజంగా గట్టిగా పట్టుకున్న చెయ్యి విడిపించుకోవడం. పట్టు ఎప్పుడూ బొటనవేలూ మిగతా వేళ్లూ కలిసేచోట బలహీనం. మణికట్టును అటు తిప్పి మోచెయ్యి ముందుకు తోస్తూ లాగితే చిన్నచెయ్యి కూడా బయటికొస్తుంది. ఇది మాటల్లో చెబితే రాదు. వదలనని మొండికేసే జతగాడితో రోజూ చెయ్యాలి.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా చదివే అమ్మాయిలకు రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. మంచి పథకం. ఆ మూడు నెలల్లో నాలుగు కటాలు, ఇటుక పగలగొట్టే డెమో, చివరిరోజు ఫొటోకు రంగు బెల్టు అంటూ గడిపేస్తే ఆ పిల్లకు మిగిలేది లేని ధైర్యం. లేని ధైర్యం భయం కన్నా ప్రమాదం. ఆ మూడు నెలలూ గొంతెత్తి అరవడం, పట్టు విడిపించుకోవడం, పరిగెత్తడం, జరిగింది ఇంట్లోనో బడిలోనో వెంటనే చెప్పడం నేర్పాలి. నేర్పేది మహిళే అయితే మరీ మంచిది. మగ మాస్టారు నేర్పుతుంటే పక్కన బడి టీచరమ్మ ఒకరు ఉండి తీరాలి.

ఇప్పుడు తోటి మాస్టార్ల మాట. "బెల్టు ఇవ్వకపోతే పిల్లలు పక్క క్లాసుకు పోతారు, హాలు అద్దె ఎవరు కడతారు?" అంటారు. అది ఉత్తి సాకు అనను. అద్దె పెరిగిన ఏడాది నేనూ ఒకే ఆదివారం నలభైమందికి బెల్టులు కట్టాను. అందులో పదిహేనుమందికి ఇవ్వకూడదని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. ఆ పదిహేనుమందిలో ఎక్కువమంది ఏడాది తిరక్కముందే మానేశారు. తమకు రాలేదని పిల్లలకు తెలుస్తుంది. మనం రానట్టు కనబడకుండా చేసినా వాళ్లకు తెలుస్తుంది.

దారి ఒకటుంది. గ్రేడింగ్ ఫీజుల మీద బతకడం మాని నెల ఫీజే న్యాయంగా పెంచుదాం. ఎందుకు పెంచామో తల్లిదండ్రులకు విడమరిచి చెబుదాం. ట్యూషన్‌కు కట్టేవాళ్లు దీనికీ కడతారు. పరీక్షకు బెల్టు ఖరీదు, సర్టిఫికెట్ ఖర్చు మించి తీసుకోకూడదు. ఆ మొత్తం క్లాసు గోడ మీద రాసి ఉండాలి. రోజులు లెక్కపెట్టకుండా హాజరు గంటలు లెక్కపెడదాం. కింది బెల్టులకు కనీసం అరవై గంటలు, గోధుమ బెల్టుకు వచ్చేసరికి ఒక్కో మెట్టుకు నూరు గంటలు ఉండాలని నా అభిప్రాయం. అంకెల మీద వాదించుకుందాం, పట్టుదల లేదు. మీ పిల్లల్ని పక్క ఊరి మాస్టారు పరీక్షించాలి, వాళ్ల పిల్లల్ని మీరు పరీక్షించాలి. తల్లిదండ్రులు కూర్చుని చూడాలి. రాని పిల్లకు ఏది రాలేదో కాగితం మీద రాసివ్వాలి, రెండోసారి పరీక్షకు పైసా తీసుకోకూడదు.

తల్లిదండ్రులకు ఒక మాట. బెల్టు సర్టిఫికెట్లు ఫైలులో పేర్చుకుంటే రేపు క్రీడా కోటాలో సీటు వస్తుందని కొందరు ఆశపడుతున్నారు. అక్కడ అడిగేది గుర్తింపు ఉన్న పోటీల్లో పాల్గొన్న, గెలిచిన ఆధారాలు. బెల్టు రంగు ఎవరూ అడగరు. పక్కింటి పిల్లకు ఆకుపచ్చ వచ్చింది, మాదానికి ఇంకా పసుపేనా అని దయచేసి పిల్ల ముందు అనకండి. ఆ మాటకు భయపడే సగంమంది మాస్టార్లు బెల్టులు ఇచ్చేస్తున్నారు.

మొదట్లో చెప్పిన ఆ పిల్లాడు మా దగ్గరే ఉన్నాడు. నల్ల బెల్టు బీరువాలో పెట్టేసి తెల్ల బెల్టుతో వస్తున్నాడు. ఆ నిర్ణయం వాడిదే, నేను చెప్పింది కాదు. మణికట్టు విడిపించుకోవడం పదిహేను రోజుల్లో వచ్చేసింది. వెనక్కి పడటానికి ఇంకా భయపడుతున్నాడు, రోజూ పరుపు మీద చేయిస్తున్నాం.

వచ్చేసారి గ్రేడింగ్ చీటీ ఇంటికొచ్చినప్పుడు వెంటనే డబ్బు పంపకండి. ఒక సాయంత్రం క్లాసుకు వెళ్లి గంటసేపు కూర్చోండి. "మావాడు ఎన్ని గంటలు నేర్చుకున్నాడు? పరీక్ష ఎవరు పెడతారు? రాకపోతే ఫెయిల్ చేస్తారా?" అని అడగండి. మాస్టార్లారా, ఆ ప్రశ్నలు విని చిన్నబుచ్చుకోకండి. గోడ మీద జవాబులు రాసిపెట్టండి. ఈ పద్ధతికి ఒప్పుకునేవాళ్లు మీ ఊళ్లో ఇద్దరున్నా చాలు, ఒకరి పిల్లల్ని ఒకరు పరీక్షించడం వచ్చే గ్రేడింగ్ నుంచే మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ తోటి కరాటే మాస్టారు