కందిపూవుపై నీలిరెక్క

పాఠ్యపుస్తకములో సీతాకోకచిలుక పూవునకు చెలికత్తె. కందిచేనిలో పురుగు రైతునకు పగవాడు. ఈ రెండును ఒకే ప్రాణి కావచ్చునని మన విద్యార్థులలో ఎందరెరుగుదురు?

నాగర్‌కర్నూలు జిల్లా బిజినేపల్లి వంటి మెట్టసీమలలో కంది పూతకు వచ్చినపుడు పసుపుపచ్చని గుత్తులపై వాలు చిన్న నీలిచిలుక యొకటి కలదు. 1767లో లినేయస్ పండితుడు వర్ణించిన ఈ జాతిని శాస్త్రజ్ఞులు లాంపిడెస్ బోయెటికస్ అందురు. ఆఫ్రికా, దక్షిణ ఐరోపా, ఆసియా, ఆస్ట్రేలియాలలో చిక్కుడుజాతి మొక్కలున్న తావులలో ఇది సంచరించును.

రెక్కలు విప్పిన వెడల్పు సుమారు 3 సెంటీమీటర్లు. మగదాని రెక్క ఊదా కలిసిన నీలము. ఆడుదానిది గోధుమవన్నె, మొదట మాత్రము నీలిఛాయ. ఆ నీలము అద్దిన రంగు వంటిది కాదు. రెక్కమీది పొలుసుల సూక్ష్మనిర్మాణము వెలుతురులోని నీలభాగమును మరలించుటచే అట్లు తోచును. వెనుకరెక్కకు సన్నని తోక, దాని చెంత రెండు నల్లచుక్కలు ఉండును. వాలి రెక్కలు కదపగా అవి మీసములు, కన్నులు వలె అగపడును. పక్షి వానిని తలయని భ్రమించి పొడిచినను, చిలుక రెక్కతునక పోగొట్టుకొని ప్రాణము దక్కించుకొనును.

తల్లి మొగ్గలపై ఒక్కొక్కటిగా గ్రుడ్లు పెట్టును. పురుగు మొగ్గను తొలిచి, పూవును, లేతగింజలను తిని పెరుగును. దాని వీపున స్రవించు తీయని ద్రవమునకై చీమలు చేరి దానికి కావలి కాయును.

కవి రెక్కను చూచెను. రైతు పురుగును చూచెను. రెంటిని కలిపి చూపవలసినది బడి. ఆ పని జరుగనందున రైతుబిడ్డ చేనిలో నేర్చినది తరగతిలో చదువనిపించుకొనదు. తరగతిలో నేర్చినది చేనిలో అక్కరకు రాదు.

పంటకు కీడు చేయు పురుగును ముచ్చటగా చూపనేల యని కొందరడుగవచ్చును. ముచ్చట కొరకు గాదు, తెలివి కొరకు. మొగ్గలోనికి చొచ్చిన పురుగునకు పైన చల్లిన మందు సులభముగా తగులదు. వేళ యెరుగక చల్లిన మందు, పురుగుల గ్రుడ్లలో తమ గ్రుడ్లు పెట్టి వానిని నశింపజేయు సన్నని కందిరీగజాతి జీవులను చంపును. పురుగు జీవితము నెరిగిన బాలుడు రేపు మందును పొదుపుగా, వేళకు వాడును. మరియొక మాట: కందికి పెనుశత్రువైన శనగపచ్చపురుగు రాత్రులు తిరుగు వెలవెలని రెక్కలపురుగుగా మారును. కావున అందమును బట్టి మేలుకీడులు నిర్ణయింపరాదు.

ఈ పాఠమునకు కావలసినవి ఒక గాజుసీసా, మూతికి కట్టుటకు పలుచని గుడ్డ, తొలిచిన కందికాయలు కొన్ని, దినదినము తాజా పూలు. బిజినేపల్లి మండలములోనే పాలెమున ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము కలదు. సందేహము కలిగినచో అచటి శాస్త్రజ్ఞుల నడుగవచ్చును. సీసాలో వెలువడునది నీలిచిలుకయైనను, బూడిదవన్నె పురుగైనను పిల్లలు దానిని తమ కన్నులతో చూచి, తమ మాటలలో వ్రాయవలెను. రానున్న కందిపూతకైనను మన ఉపాధ్యాయులు ఈ ప్రయత్నము చేయుదురు గాక.