పసిబిడ్డకు మందు, నీరు: తూచి ఇచ్చు ప్రేమ



వానలు పడగానే మన పల్లెలలో జ్వరములు, విరేచనములు మొదలగును. అప్పుడు ఇంటిలో ఏ మందు ఉంటే ఆ మందే "పెద్దలకు ఒక బిళ్ళ, పిల్లలకు అర బిళ్ళ" అను లెక్కతో ఇచ్చుట మనమందరము ఎరిగినదే. కాని పసిబిడ్డ సగము మనిషి కాడు. వాని కాలేయము, మూత్రపిండములు ఇంకను లేతవి. అందుచేతనే పిల్లల వార్డులో నర్సమ్మ మొదట బిడ్డను తూకము వేయును. ఆమె వేయు లెక్కలన్నిటికి ఆ బరువే పునాది. మేము వైద్యులము కాము. అయినను ప్రతి తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతి గనుక ఈ నెల దీనిని వ్రాయుచున్నాము.

ఆదికాండము 21వ అధ్యాయములో హాగరును చూడుడి. తిత్తిలోని నీళ్లు అయిపోగా, బిడ్డ చావు చూడలేక ఆ తల్లి దూరముగా కూర్చుండి ఏడ్చెను. దేవుడు ఆమె కన్నులు తెరచినప్పుడు ఆమెకు కనబడినవి నీళ్లే. బిడ్డ ప్రాణము నీటితో ఎంతగా ముడిపడియున్నదో ఆ తల్లి ఎరుగును.

బిడ్డకు దినమునకు ఎంత నీరు కావలెను? 1957లో హాలిడే, సెగార్ అను ఇద్దరు వైద్యులు సులువైన లెక్క ఒకటి ప్రకటించిరి. మొదటి 10 కిలోల బరువుకు కిలోకు 100 మిల్లీలీటర్లు, తరువాతి 10 కిలోలకు కిలోకు 50, ఆపైన కిలోకు 20. 12 కిలోల బిడ్డకు 1000, మరి 100, మొత్తము 1100 మిల్లీలీటర్లు. అనగా గంటకు సుమారు 46. మిల్లీలీటరుకు 60 చుక్కలు పడు పిల్లల సెట్టులో నిమిషమునకు 46 చుక్కలు. జబ్బును బట్టి వైద్యుడు దీనిని తగ్గించును, హెచ్చించును.

ఇంత లెక్కకట్టి నర్సమ్మ పెట్టిన సెలైనును, "బాటిల్ తొందరగా అయిపోతే బస్సు అందుకోవచ్చు" అని కొందరు బంధువులు గొట్టము మీది చక్రము త్రిప్పి వేగము చేయుదురు. నీరు మితిమీరి ఎక్కితే బిడ్డ ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఆ చక్రమును మనము తాకరాదు. చుక్కలు ఆగినను, చేయి వాచినను నర్సమ్మను పిలువవలెను.

ఇక జ్వరము మందు. పారాసిటమాల్ ఒక్కసారికి కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. మరల ఇచ్చుటకు కనీసము 4 గంటలు ఆగవలెను. 24 గంటలలో 4 సార్లు మించరాదు. 12 కిలోల బిడ్డకు ఒక్కసారికి 120 నుండి 180 మిల్లీగ్రాములు. మందుల షాపులో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములున్న సిరప్పు ఉన్నది, 250 ఉన్నది ఉన్నది. చిన్న సీసాలో వచ్చు చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 ఉండును. మూడింటిలోను "ఒక చెంచా", అనగా 5 మిల్లీలీటర్లు పోసితిమనుకొనుడి. మొదటిది 125, సరిపోయెను. రెండవది 250, ఎక్కువ. మూడవది 500! అట్లు దినమునకు నాలుగుసార్లు పోసితే కాలేయము చెడవచ్చును. జలుబు సిరప్పులు కొన్నిటిలోను పారాసిటమాల్ ఉండును గనుక రెండును కలిపి ఇయ్యరాదు. వంటింటి చెంచాలన్నియు ఒక్క కొలత కావు. సీసాతో వచ్చిన మూతనో గొట్టమునో వాడుడి. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరము వస్తే ఇంటిలో మందు పోయక ఆసుపత్రికే తీసికొనిపోవలెను.

విరేచనములకు ప్రతిసారి సెలైను అక్కరలేదు. 1971లో బంగావ్ శరణార్థుల శిబిరములో సెలైను నిండుకొనినప్పుడు డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి అనేకుల ప్రాణములు నిలిపెను. మనకు దొరకు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు అటువంటిదే. లీటరు ప్యాకెట్టును లీటరు మంచినీటిలో పూర్తిగా కలుపవలెను. చిన్న ప్యాకెట్టుకు దాని మీద వ్రాసిన కొలతే. నీరు తగ్గితే ఉప్పు ఎక్కువై హాని చేయును. 24 గంటల తరువాత మిగిలినది పారబోయుడి. ప్రతి విరేచనము తరువాత రెండేండ్లలోపు బిడ్డకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుండి 200. వాంతి అయితే 10 నిమిషములు ఆగి, చెంచాతో మెల్లగా పట్టుడి. తల్లిపాలు మానిపింపకుడి. బిడ్డ మగతగా ఉన్నను, కన్నులు లోతుకు పోయినను, త్రాగలేకపోయినను, విరేచనములో నెత్తురు పడినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

తల్లులారా, అంగన్‌వాడీలో తూచిన మీ బిడ్డ బరువు ఎంతో ఇంటిలో వ్రాసి ఉంచుడి. షాపులో మందు అడుగునప్పుడు వయస్సుతోపాటు ఆ బరువును చెప్పుడి. ఆసుపత్రిలో "ఈ మోతాదు నా బిడ్డ బరువుకు సరియేనా?" అని మర్యాదగా అడుగుట అవిశ్వాసము కాదు. సామెతల గ్రంథము 11వ అధ్యాయము సరియైన తూకము దేవునికి ఇష్టమని బోధించుచున్నది. అది అంగడి త్రాసుకే గాక మన చేతిలోని మందు మూతకును వర్తించును.

స్త్రీల సమాజపు కూడికలో ఒకసారి ఓ.ఆర్.ఎస్. కలిపి చూపించుటకు మీ సంఘములోని నర్సును పిలువుడి. రాత్రి డ్యూటీలో చుక్కలు లెక్కించుచు మన బిడ్డలను కాయుచున్న ఆ సహోదరీల కొరకు కుటుంబ ప్రార్థనలో తప్పక ప్రార్థించుడి. మీ బిడ్డలను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.