ఫ్రేజియరే గెలిచాడు. అయితే ఏమిటి?

అలీ ఓడిపోలేదు, ఓడించారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ మాట వింటున్నాను. మా మామూ అనేవాడు. ఇరానీ హోటల్లో ఆయన బల్ల దగ్గర కూచునే దోస్తులు అనేవాళ్ళు. బాక్సింగంటే ఏమిటో తెలియని మా అమ్మీ కూడా "పాపం, ఆ బిడ్డకు అన్యాయం చేశారట" అనేది. ముస్లిం పేరు పెట్టుకున్నాడని తెల్లోళ్ళు కక్షగట్టి, 1971 మార్చి 8 రాత్రి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జో ఫ్రేజియర్‌కు గెలుపు కట్టబెట్టారన్నది మా ఇంట్లో ఖాయమైపోయిన చరిత్ర.

ఈ మధ్య ఆ పోటీ రికార్డింగు మామూ పక్కన కూచుని పదిహేను రౌండ్లూ చూశాను. ఒళ్ళో కాగితం పెట్టుకుని ఏ రౌండు ఎవరిదో రాసుకుంటూ చూశాను. అయిపోయాక "ఫ్రేజియరే గెలిచాడు మామూ" అన్నాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూసి "తూ భీ?" అన్నాడు. నువ్వు కూడానా అని.

ఆ రెండు మాటలు నన్ను నిద్రపోనివ్వలేదు. నువ్వు కూడా అంటే ఎవరితో పాటు? అమెరికాలో ఎప్పుడో జరిగిన పోటీలో ఎవరు గెలిచారన్న దానిమీద నా ముస్లింతనం ఆధారపడి ఉందా? ఉందనుకుంటే ఇండియా, పాకిస్తాన్ క్రికెట్ ఆడిన ప్రతిసారీ మన మొహాల్లోకి తొంగిచూసే వాళ్ళకూ మనకూ తేడా ఏమిటి?

ముందు ఆట సంగతి తేల్చుకుందాం. ఇద్దరూ అప్పటికి ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఓటమి ఎరగని వాళ్ళు. అలీ 31 పోటీలకు 31 గెలిచాడు. ఫ్రేజియర్ 26కు 26. హెవీవెయిట్ టైటిల్ ఫ్రేజియర్ దగ్గర ఉంది. దాన్ని తాను రింగులో ఎవరికీ పోగొట్టుకోలేదు కాబట్టి అసలు ఛాంపియన్ తనేనని అలీ వాదన. మొదటి రౌండ్లలో అలీ తన జాబ్‌లతో ఫ్రేజియర్ మొహం వాయగొట్టాడు. దాన్ని ఎవరూ కాదనరు. మధ్య రౌండ్లకు వచ్చేసరికి తాళ్ళకు ఆనుకుని నిలబడ్డాడు. ఫ్రేజియర్ పొట్టలో గుద్దుతుంటే, ఏమీ తగల్లేదన్నట్టు జనంకేసి తల అడ్డంగా ఊపాడు. తల ఊపినందుకు రౌండ్లు రావు. పదకొండో రౌండులో ఫ్రేజియర్ ఎడమ హుక్‌కు అలీ కాళ్ళు తూలాయి. పదిహేనో రౌండులో అదే ఎడమ హుక్ దవడకు తగిలి వెల్లకిలా పడ్డాడు. వెంటనే లేచి రౌండు ముగించాడు. లేవడం అలీ గొప్ప. పడగొట్టడం ఫ్రేజియర్ గొప్ప. ఒక గొప్ప ఒప్పుకుని ఇంకొకటి దాచిపెడితే అది అభిమానం కాదు, మొండితనం.

రిఫరీ లెక్క 8-6, ఒక రౌండు సమం. ఒక జడ్జి లెక్క 9-6. ఇంకొక జడ్జి లెక్క 11-4. ముగ్గురూ ఫ్రేజియర్‌కే ఇచ్చారు. మామూ గట్టిగా పట్టుకునేది ఆ 11-4నే. అది ఎక్కువే, ఒప్పుకుంటాను. నా కాగితం మీద కూడా అంత తేడా రాలేదు. దాన్ని చించి పారేయండి. ఇంకా రెండు కాగితాలు మిగుల్తాయి. ముగ్గురిలో ఇద్దరు చాలు.

"మొహాలు చూడు. ఎవడు దెబ్బలు తిన్నాడో తెలుస్తుంది" అనేది మామూ రెండో వాదన. నిజమే, ఫ్రేజియర్ ఆ తర్వాత చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అలీ దవడ కూడా బూరెలా వాచింది. అయితే గాయాలు లెక్కబెట్టి రౌండ్లు ఇచ్చే పద్ధతి బాక్సింగ్‌లో లేదు.

మూడో వాదన బరువైనది. "మూడున్నరేళ్ళు ఆడనివ్వలేదు గదరా. ఆ కాళ్ళకు పాత వేగం ఎక్కడినుంచి వస్తుంది?" ఇది నిజం. నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ ఇది ఓటమికి కారణం. ఓటమే జరగలేదనడానికి రుజువు కాదు. ఈ రెండింటినీ కలగలుపుకుని యాభై ఏళ్ళకు పైగా మనం దొంగ ఒక ఇంట్లో ఉంటే ఇంకొక ఇంటి తలుపు తడుతున్నాం.

దొంగ ఎక్కడున్నాడో చూడండి. 1967 ఏప్రిల్ 28న హూస్టన్‌లో సైన్యంలో చేరడానికి అలీ నిరాకరించాడు. అప్పటికి కోర్టు లేదు, విచారణ లేదు, శిక్ష లేదు. అదే రోజు న్యూయార్క్ రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ ఆయన లైసెన్సు ఆపేసింది. ఛాంపియన్ అన్న గుర్తింపు తీసేసింది. మిగతా రాష్ట్రాలు దాని వెంట నడిచాయి. జూన్‌లో అయిదేళ్ళ జైలు, పదివేల డాలర్ల జరిమానా పడ్డాయి. అప్పీలు మీద బయట ఉన్నా పాస్‌పోర్టు లాక్కున్నారు గనక ఇంకో దేశం వెళ్ళి ఆడే దారీ లేదు. పాతికేళ్ళ వయసు నుంచి ఇరవై ఎనిమిదేళ్ళు దాటేదాకా, బాక్సర్‌కు ఒంట్లో బలం పొంగే కాలమంతా ఇంట్లో గడిచింది. 1970లో కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్తే ఒక సంగతి బయటపడింది. అదే కమిషన్ నేరాలు రుజువైన వాళ్ళకు రెండు వందలకు పైగా లైసెన్సులు ఇచ్చి ఉంది. ఆ నేరాల్లో హత్యలున్నాయి, అత్యాచారాలున్నాయి, ఆయుధాలతో చేసిన దోపిడీలున్నాయి. చంపినవాడు రింగులోకి రావచ్చు. వియత్నాం పోయి చంపనన్నవాడు రాకూడదు.

అన్యాయం అక్కడ జరిగింది. ఆఫీసులో, ఫైలు మీద, సంతకంతో జరిగింది. స్కోరు కాగితం మీద కాదు. జరగని మోసాన్ని పట్టుకుని అరిస్తే జరిగిన మోసం తప్పించుకుని పోతుంది. మనకు ఈ సంగతి ఇతరులకన్నా బాగా తెలియాలి. మన నిజమైన ఫిర్యాదులను కొట్టిపారేయడానికి కాచుక్కూచున్న వాళ్ళకు మనం చేసే ఒక్క అబద్ధపు ఫిర్యాదు చాలు.

మరి మామూ ఎందుకు ఒప్పుకోడు? ఆయన మూర్ఖుడు కాదు. ఆయన దృష్టిలో ఆ రాత్రి రింగులో ఉన్నది ఒక పేరు. 1964 ఫిబ్రవరిలో లిస్టన్‌ను ఓడించిన కుర్రాడు, మార్చిలో కాసియస్ క్లే అన్న పేరు వదిలేసి ముహమ్మద్ అలీ అయ్యాడు. పెద్ద పెద్ద పత్రికలు ఏళ్ళ తరబడి క్లే అనే రాశాయి. సినిమా తారలు పేర్లు మార్చుకుంటే ఒక్క రోజులో అలవాటు పడిన పత్రికలే అవి. ప్యాటర్సన్ క్లే అన్నాడు. ఎర్నీ టెరెల్ క్లే అన్నాడు. 1967 ఫిబ్రవరిలో టెరెల్‌ను పదిహేను రౌండ్లు కొడుతూ అలీ "నా పేరేమిటి?" అని అడుగుతూ పోయాడు. ఆ ప్రశ్న మనకు చెవిలో అడిగినట్టుంటుంది. అద్దె ఇంటికోసం వెళ్ళి పేరు చెప్పగానే ఇల్లు ఖాళీ లేకుండా పోయిన వాళ్ళం మనం. "మీరు ముస్లిమా? తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే!" అన్న మెచ్చుకోలును నవ్వుతూ మింగిన వాళ్ళం. ఆ పేరు గెలవాలని మామూ కోరుకోవడంలో తప్పేముంది?

తప్పు కోరికలో లేదు. గెలిస్తేనే ఆ పేరుకు గౌరవం అనుకోవడంలో ఉంది. ఆ షరతు పెట్టింది మనం కాదు, వాళ్ళు. మనం దాన్ని నెత్తిన పెట్టుకున్నాం.

అవతలి వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఆ రాత్రి ఫ్రేజియర్ గెలుపుకు మురిసిపోయిన తెల్లవాళ్ళలో ఎందరు ఫ్రేజియర్ కోసం మురిశారు? సౌత్ కరోలినాలో పేద నల్ల రైతు కుటుంబంలో పుట్టి, ఫిలడెల్ఫియా కబేళాలో పని చేసి, 1964లో టోక్యో ఒలింపిక్స్ బంగారు పతకం తెచ్చినవాడు ఫ్రేజియర్. వాళ్ళకు కావలసింది ఆ మనిషి కాదు, ఆ ఎడమ చెయ్యి. నోరున్న నల్ల ముస్లిం నోరు మూయించడానికి ఇంకొక నల్లవాడి చెయ్యి. ఈ ఆట మనకు కొత్తదా? దళితుడి మీదికి ముస్లింను, ముస్లిం మీదికి దళితుణ్ణి ఉసిగొల్పి తాము గట్టుమీద కూచున్న వాళ్ళను మన ఊళ్ళల్లో చూడలేదా?

ఇక్కడే మన అలీని కూడా నిలదీయాలి. ఆడనివ్వని రోజుల్లో అలీకి డబ్బు సాయం చేశానని, లైసెన్సు తిరిగి ఇవ్వమని మాట సాయం కూడా చేశానని ఫ్రేజియర్ చెప్పుకున్నాడు. అలాంటివాణ్ణి అలీ తెల్లోళ్ళ బంటు అన్నాడు. అంకుల్ టామ్ అన్నాడు. 1975లో మనీలా పోటీకి ముందు గొరిల్లా అన్నాడు. తెల్లవాడు నల్లవాణ్ణి తిట్టే తిట్టు అది. ఫ్రేజియర్ కూడా పట్టుబట్టి క్లే అనే పిలిచాడు, అదీ తప్పే. కానీ పేరు గురించి అంత పోరాడినవాడు ఎదుటివాడికి అంత నీచమైన పేరు పెట్టవచ్చా? అన్న మాటలకు అలీ 2001లో క్షమాపణ చెప్పాడు. 2011లో ఫ్రేజియర్ చనిపోతే, ఒళ్ళు స్వాధీనంలో లేని స్థితిలో కూడా అంత్యక్రియలకు వచ్చాడు. తప్పు ఒప్పుకోవడానికి ఆయనకు ముప్పై ఏళ్ళు పట్టింది. మనం ఆయన తప్పుల్ని కూడా ఇంకా మోస్తున్నాం.

ఎందుకంటే మామూ నన్నడిగిన "తూ భీ?" అన్నది ఫ్రేజియర్‌ను అలీ అన్న మాటకు చుట్టమే. మాతో ఏకీభవించకపోతే నువ్వు వాళ్ళ మనిషివి. దూదేకుల వాడు ముస్లిమా అని వెనకనుంచి నవ్వేది ఎవరు? ఉర్దూ రానివాడి ఈమాన్ మీద అనుమానపడేది ఎవరు? ఈ జబ్బు అలీకి కూడా తగిలింది. 1969లో, డబ్బు కోసం మళ్ళీ రింగెక్కుతానన్నాడని నేషన్ ఆఫ్ ఇస్లామ్ అధినేత ఎలైజా ముహమ్మద్ ఆయన్ని ఏడాదిపాటు వెలేసి, తాను పెట్టిన పేరును తానే వెనక్కి తీసుకున్నాడు. క్లే అనే పిలుస్తామని ప్రకటించాడు. తెల్ల పత్రిక, నల్ల గురువు ఆ ఒక్క మాటమీద ఏకమయ్యారు. అలీ ఇద్దరి మాటా వినలేదు. పేరు వదల్లేదు. ఆ పేరు ఒకరు ఇచ్చిందీ కాదు, ఒకరు గుంజుకోగలిగిందీ కాదని తేల్చింది ఆ మొండితనమే.

సెక్యులర్ మిత్రులకు కూడా ఒక మాట. మీకు వియత్నాం యుద్ధాన్ని ఎదిరించిన అలీ కావాలి. ఆ ఎదిరింపు తన మతవిశ్వాసం నుంచి వచ్చిందని కోర్టులో నిలబడి చెప్పిన అలీ వద్దు. పండు తిని చెట్టును చీదరించుకుంటే ఎట్లా? అమెరికా కూడా అదే పని చేసింది. 1996లో అట్లాంటాలో వణుకుతున్న చేతులతో ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 2005లో, ఇరాక్‌లో యుద్ధం నడుపుతున్న అధ్యక్షుడే ఆయన మెడలో పతకం వేశాడు. మాట పడిపోయాక ప్రేమ పొంగింది. గెలిచే ముస్లిం కావాలి, లేదంటే మాట్లాడని ముస్లిం కావాలి. ఓడిపోయి కూడా మాట్లాడే ముస్లింను మాత్రం ఎవరూ భరించలేరు.

మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది. అందరూ మా అమ్మాయే అన్నారు. నిక్కరు వేసుకుందని ఒకప్పుడు నొసలు చిట్లించిన మనవాళ్ళు కూడా అన్నారు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పతకం దాకా రాకుండానే ఓడిపోయింది. ఆ సాయంత్రం ఆమె ఎవరి అమ్మాయి? ఈ ప్రశ్నకు ఎవరికి వాళ్ళు గుండెమీద చెయ్యి వేసుకుని జవాబు చెప్పుకోవాలి.

1971 మార్చిలో ఓడిన అలీకి అదే ఏడాది జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. ఎనిమిది మంది జడ్జీలు, ఎనిమిదీ ఆయన వైపే. రింగులో ముగ్గురూ ఓడిపోయావన్నారు, కోర్టులో ఎనిమిది మందీ వదిలేశారు. కానీ ఆ తీర్పు పైన కేసు పేరు చూడండి. క్లే వర్సెస్ యునైటెడ్ స్టేట్స్. గెలిచిన కాగితం మీద కూడా ముందు రాసింది పాత పేరే. గెలుపు పేరును తెచ్చిపెడుతుందన్న భ్రమ ఇంకా ఉన్నవాళ్ళు ఆ ఒక్క లైను చదువుకుంటే చాలు.

అందుకే మామూ, ఇంకోసారి చెబుతున్నాను. ఆ రాత్రి ఫ్రేజియరే గెలిచాడు. కబేళాలో చెమటోడ్చిన ఒక పేదవాడు కష్టపడి గెలుచుకున్న గెలుపు అది. దాన్ని దొంగిలించే హక్కు మనకు లేదు. మనవాడు ఓడిపోయాడు. వాచిన దవడతో రింగు దిగి వెళ్ళినవాడి పేరు అప్పుడు కూడా ముహమ్మద్ అలీయే.