రోట్లో తలపెట్టకూడదు!

హన్మకొండ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో కాజీపేట దాటితే మడికొండ. ఊరి పక్కనే మెట్టుగుట్ట. అక్కడ ఓ పెద్ద బండకు ఈవల ఉన్న పిల్లాడు ఆవలున్న నేస్తానికి బంతి వేయాలంటే ఏం చేస్తాడు? తిన్నగా విసిరితే బండకు తగిలి వెనక్కొస్తుంది. పైకెత్తి వేస్తేనే దాటి పడుతుంది. యుద్ధంలో సరిగ్గా ఆ పని చేసేదే మోర్టార్.

తుపాకీ గుండు దాదాపు తిన్నగా వెళ్తుంది. కొండ వెనకో కందకంలోనో దాక్కున్నవారిని అది ఏమీ చేయలేదు. అందుకే మోర్టార్ గొట్టాన్ని 45 డిగ్రీలకు పైగా ఎత్తి పెడతారు. దాని గుండు ఆకాశంలోకి లేచి నెత్తిమీద పడుతుంది. తమాషా ఏమిటంటే, గొట్టాన్ని ఎంత నిలువుగా నిలబెడితే గుండు అంత దగ్గర్లో పడుతుంది.

ఇంగ్లిషులో మోర్టార్ అంటే రోలు. పాతకాలం మోర్టార్లు పొట్టిగా, వెడల్పాటి నోటితో రోలులాగే ఉండేవి మరి. ఇప్పటి రూపానికి దారి చూపింది బ్రిటన్ ఇంజినీరు విల్‌ఫ్రెడ్ స్టోక్స్. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల పోరు కోసం 1915లో ఆయన దీన్ని రూపొందించాడు. ఉండేవి మూడే భాగాలు: గొట్టం, దాన్ని నిలబెట్టే రెండు కాళ్లు, అడుగున బేస్‌ప్లేటు. పేలుడు తాకిడిని బేస్‌ప్లేటు నేలలోకి పంపేస్తుంది. గుండును పైనుంచి రోకలిలా జారవిడిస్తే, అడుగునున్న సూది దాని తోకలోని మందును అంటిస్తుంది. ఆ వాయువుల ఒత్తిడికి గుండు పైకి ఎగురుతుంది. తోకకున్న రెక్కలు అది పల్టీలు కొట్టకుండా చూస్తాయి. ఇంకా దూరం పోవాలంటే తోక చుట్టూ అదనపు మందు తగిలిస్తారు.

మన సైన్యంలో ప్రధానంగా మూడు రకాలు. 51 మిల్లీమీటర్లది ఒక్క జవానే మోసుకెళ్లగలడు. 81 మిల్లీమీటర్లదాన్ని భాగాలుగా విడదీసి తలా ఒకటి మోస్తారు. అది దాదాపు 5 కిలోమీటర్ల దూరం కొడుతుంది. 120 మిల్లీమీటర్లది బరువెక్కువ. దాన్ని మామూలుగా వాహనంతో లాగుతారు.

మోసే శ్రమ తప్పించే వాహనం మన తెలంగాణలోనే తయారైంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో మొదలైన మెదక్ ఆయుధ కర్మాగారం, 'శరత్' యుద్ధవాహనంలో 81 మిల్లీమీటర్ల మోర్టార్‌ను అమర్చింది. వాహనం కప్పు తెరిచి అందులోంచే పేల్చవచ్చు.

ఇంత తేలికైన ఆయుధంలో ప్రమాదమూ అంతే తేలిగ్గా ముంచుకొస్తుంది. లోపలి గుండు బయటికి పోలేదని గమనించక పైనుంచి మరొకటి వేస్తే అంతే సంగతులు. 2013 మార్చిలో అమెరికాలోని నెవాడాలో శిక్షణ పొందుతున్న ఏడుగురు మెరైన్లు ఇలాగే చనిపోయారని విచారణలో తేలింది. అందుకే ఒక గుండు వెళ్లిందని రూఢి చేసుకున్నాకే రెండోది వేయాలి. గుండు వదిలిన మరుక్షణం తల పక్కకు వంచి, గొట్టం నోటికి దూరంగా ఉంచాలి.

రోట్లో తలపెట్టాక రోకటిపోటుకు వెరవకూడదంటారు పెద్దలు. ఈ రోటి దగ్గర మాత్రం వెరవాల్సిందే!