చేతిపని: కుందాకు రంగు కుదరాలంటే

ముద్ఖేడ్ వాళ్లకు తుపాకీ కొత్త కాదు. సీఆర్‌పీఎఫ్ ట్రైనింగ్ కాలేజీ మన ఊళ్లోనే ఉన్నది. ఇన్సాస్ రైఫిలుకు ప్లాస్టిక్ కుందా, దానికి రంగు బాధ లేదు. బాధంతా మన గార్డు అన్నలకే. నాందేడ్ ఉస్మాన్‌షాహీ మిల్లు బందయినంక బ్యాంకుల ముందు, నగల దుకాణాల ముందు నిలబడ్డోళ్లు మనలో ఉన్నరు. సొంత లైసెన్సు, సొంత డబుల్ బారెల్ ఉంటే గన్‌మ్యాన్ పని దొరుకుతది, జీతం నాలుగు రూపాయలు ఎక్కువ. మిల్లులో మగ్గం ఎట్లనో, వాళ్లకు ఆ తుపాకీ అట్ల.

కుందా పగిలితే కొత్త చెక్క పడుతది. గొట్టం కిందుండే పాత చెక్కేమో ముదురు ఎరుపు, కొత్త కుందా పాలిపోయి ఉంటది. చూసినోళ్లు అతుకుల తుపాకీ అంటరు. చెక్క మార్చుడు లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలోనే కావాలె. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరుకు కూడా లైసెన్సు ఉండాలె. గల్లీల వడ్లాయనకు ఇచ్చి కేసు తెచ్చుకోవద్దు. అయితే రంగు సంగతి మనకు తెలిసి ఉంటే, దుకాణంలో ముందే చెప్పుకోవచ్చు. మళ్లీ తిరిగితే ఒక రోజు కూలి పోతది.

రంగుల ఖాతాలో పనిచేసినోళ్లకు ఇది సులువుగా అర్థమైతది. నూలు తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపిస్తది, ఆరితే తేలుతది. అందుకే ఆరినంకనే షేడు చూస్తరు. చెక్కకు దీనికి ఉల్టా. రంగు ఆరితే వెలిసినట్టు కనిపిస్తది గని, మీద నూనెగాని పాలిష్‌గాని పడంగనే మళ్లీ తడి రంగే వస్తది. ఆరిన చెక్కను చూసి "ఇంకో చెయ్యి వెయ్యి" అంటే చివరికి నల్లగైతది. అదే చెక్క ముక్క మీద రంగు వేసి, పాలిష్ కూడా కొట్టించి, పాత చెక్క పక్కన పెట్టి చూడాలె. ట్యూబులైటు కింద ఒకసారి, ఎండలో ఒకసారి.

రంగు పల్చగా, రెండు మూడు చేతులు వేయించాలె. కుందా చివర, భుజానికి ఆనే చోట, చెక్క రంగును ఎక్కువ తాగుతది. అక్కడ సన్న గరుకు కాగితంతో ఇంకా నునుపు చేస్తే తక్కువ తాగుతది. ముదురైతే పాలిష్ పడకముందే తుడవాలె. నీళ్ల రంగయితే వేడినీళ్ల బట్టతో, స్పిరిట్ రంగయితే స్పిరిట్‌తో. ఎరుపు మరీ కొడితే చాలా పల్చని ఆకుపచ్చ ఒక చెయ్యి వేస్తే గోధుమకు తిరుగుతది.

తర్వాత నెలకోసారి అవిసె నూనె రుద్దుడు ఇంట్ల చేసుకునే పనే, తుపాకీ ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకున్నంక. కానీ రుద్దిన బట్టను, కాటన్ వేస్టును ఉండచుట్టి మూలకు పడేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతది. ఉండలో ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల లేకుండనే అంటుకుంటది. రేకుల ఇండ్లు మనవి, గోడకు గోడ ఆనుకొని ఉంటయి. ఆ బట్టను బయట విడివిడిగా పరిచి ఆరెయ్యండి, లేకుంటే నీళ్ల డబ్బాలో ముంచి మూత పెట్టండి. రంగు తప్పితే మళ్లీ వేసుకోవచ్చు, ఇల్లు కాలితే ఎక్కడికని పోతం?