తుక్కు విధానంలో రెండు తూనికలు

2021 ఆగస్టులో వాహన తుక్కు విధానాన్ని ప్రారంభించినప్పుడు కేంద్ర ప్రభుత్వం దాన్ని పర్యావరణ సంస్కరణగా అభివర్ణించింది. పాత వాహనం పొగ చిమ్ముతుంది, ప్రమాదకరం. కనుక అది రోడ్డు వదలాలన్నది వాదం. వినడానికి సమంజసమే. కానీ ఆ వాదాన్ని ఖరగ్‌పూర్‌లో నిలబెట్టి చూస్తే డొల్లతనం బయటపడుతుంది.

ఖరగ్‌పూర్ మరమ్మతు మీద బతికే పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటి వర్క్‌షాపే దానికి ఊపిరి. ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడి రైల్వే కొలువుల్లో ఉన్నాయి. ఆ వర్క్‌షాపుకు వచ్చిన బోగీని పదిహేనేళ్లు నిండాయని ఎవరూ శిక్షించరు. విప్పి, తుప్పు గీకి, చక్రాలూ బ్రేకులూ పరీక్షించి, తిరిగి పట్టాలెక్కిస్తారు. పాత ఐసీఎఫ్ బోగీకి రైల్వే నిర్ణయించిన ఆయుర్దాయం 25 ఏళ్లు, ఎల్‌హెచ్‌బీ బోగీకి 35. సకాలంలో మరమ్మతు చేస్తే యంత్రం నమ్మకంగా పనిచేస్తుందన్నది ప్రభుత్వం తన ఇంట పాటించే సూత్రం.

అదే పనితనం తెలిసిన కార్మికుడు సెలవు రోజుల్లో ఇంటి ముందు పాత అంబాసిడర్‌ను బాగుచేసుకుంటే మాత్రం సూత్రం మారిపోతుంది. అదే రాష్ట్రంలోని ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ 2014 దాకా తయారుచేసిన కారది; దశాబ్దాలపాటు ఎర్ర బుగ్గతో మంత్రులను మోసిన కారు. కార్బురేటర్ కడగడానికి, కమాను కట్టలు మార్చడానికి, తుప్పుపట్టిన అడుగు రేకు కోసి కొత్తది అతకడానికి కంప్యూటర్ అక్కర్లేదు. చేతిపని చాలు. డబ్బు తక్కువైనవాడు రంగును చివరికి వదిలి, బ్రేకులు, స్టీరింగు, వైరింగు ముందు చూసుకుంటాడు.

ఇంత చేసి ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గినా శిక్ష తప్పదు. 2022 ఏప్రిల్‌లో కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 2025 ఆగస్టులో, ఢిల్లీ పరిసర ప్రాంతం మినహా, ఇరవై ఏళ్లు దాటిన కారుకు అది 10,000 అయింది. మరి యాభై ఏళ్లు దాటిన 'వింటేజ్' కారుకో? తొలి రిజిస్ట్రేషన్‌కు 20,000. ఆపై పునరుద్ధరణకు 5,000 మాత్రమే. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తిరిగే సంపన్నుడి కారు వారసత్వం, కుటుంబాన్ని ఆసుపత్రికి చేర్చే కారు తుక్కు! 1995లో తయారైన అంబాసిడర్ ఆ గౌరవం పొందాలంటే 2045 దాకా జరిమానాలు కడుతూ బతకాలి.

తుక్కుకిస్తే రాయితీలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ రోడ్డు పన్ను తగ్గింపు, కంపెనీల డిస్కౌంటు దక్కేది కొత్త కారు కొనగలిగినవాడికే. కొనలేనివాడికి మిగిలేది ఇనుము ధర. ఇది పర్యావరణ విధానమా, కార్ల కంపెనీలకు గిరాకీ కల్పించే విధానమా?

పాత ఇంజను కొత్తదానికన్నా ఎక్కువ కాలుష్యం వెదజల్లుతుందన్నది నిజమే. అందుకే పరీక్ష కఠినంగా ఉండాలి. పొగను కొలవాలి, బ్రేకులు తొక్కి చూడాలి, తప్పినదాన్ని నిర్దాక్షిణ్యంగా ఆపాలి. నెగ్గినదానికి మాత్రం వయసు పేరిట జరిమానా ఎందుకు? డబ్బు కడితే పొగ తగ్గదు. పదివేలు కట్టగలిగినవాడి పొగను అనుమతించి, కట్టలేనివాడి మరమ్మతును శిక్షించే నిబంధన గాలిని శుభ్రం చేయదు. పరీక్ష ఖర్చుకు సరిపడా రుసుము, అందరికీ ఒకే కొలత: ప్రభుత్వం చేయవలసింది ఇంతే. తన బోగీలకు వర్తింపజేసే వివేకాన్ని తన పౌరుడి కారుకూ వర్తింపజేయాలి.