అశ్వహృదయము, అక్షహృదయము

నలోపాఖ్యానం చదివిన విద్యార్థులకు ఋతుపర్ణుని రథయాత్ర జ్ఞాపకం ఉండకపోదు. దమయంతి పునఃస్వయంవర వార్త విని అయోధ్యాధిపతి విదర్భకు బయలుదేరాడు. బాహుకుడనే మారుపేరుతో నలుడు రథం తోలుతున్నాడు. దారిలో రాజు ఉత్తరీయం జారిపడింది. ఆపమని అతడు చెప్పేసరికే రథం యోజనం దూరం దాటిపోయింది. గుర్రాల మనసెరిగిన సారథి నైపుణ్యం అటువంటిది. మరికొంత దూరం సాగిన పిమ్మట ఒక తానిచెట్టు కనబడగా, దాని ఆకులెన్నో కాయలెన్నో ఋతుపర్ణుడు కేవలం చూపుతోనే చెప్పివేశాడు. నలుడు నమ్మక రథం దిగి, చెట్టు కొట్టి లెక్క చూశాడు. లెక్క సరిపోయింది. అప్పుడు ఋతుపర్ణుడు తనకు తెలిసిన అక్షహృదయాన్ని, అనగా పాచికల రహస్యాన్ని, ఉపదేశించాడు. బదులుగా నలుడు అశ్వహృదయం ఇవ్వడానికి ఒప్పుకొన్నాడు. కలి అతణ్ణి విడిచిపోయాడు. (పూర్వకాలంలో తానికాయలే పాచికలుగా ఉపయోగపడేవని పండితులు చెబుతారు. కవి ఆ చెట్టునే ఎన్నుకోవడం ఊరక జరిగింది కాదు.)

ఈ కథ తరగతిలో చెప్పేటప్పుడు ఒక అంశం తరచు జారిపోతూ ఉంటుంది. పుష్కరునితో జూదమాడి రాజ్యం పోగొట్టుకొన్న నాటికే నలుడు అశ్వవిద్యలో సాటిలేనివాడు. ఆ విద్య జూదంలో అతనికి కాసంత అక్కరకు రాలేదు. గుర్రాన్ని తెలుసుకోవడం ఒక విద్య. పందెం లెక్క తెలుసుకోవడం వేరొక విద్య. గుర్రప్పందేల మైదానంలో ఈ రెండు విద్యలూ ఒకేచోట కలిసి కనబడతవి. అందువల్లనే రెండూ ఒకటేనన్న భ్రమ కలుగుతున్నది. ఆ భ్రమకు లోనైనవారిలో చదువురానివారికన్న చదువుకొన్నవారే హెచ్చు కావచ్చును. చదువురానివాడు అదృష్టాన్ని నమ్ముతాడు. ఓడిపోతే అదృష్టాన్నే తిట్టుకొంటాడు. చదువుకొన్నవాడు తన లెక్కను నమ్ముతాడు. ఓడినప్పుడు లెక్కను మరికొంత సవరించి, మరుసటి వారం మరింత నమ్మకంతో వెడతాడు.

అశ్వవిద్య చిన్నదేమీ కాదు. శాలిహోత్రుని పేర చెలామణి అయ్యే శాస్త్రం, తెలుగులో మనుమంచి భట్టు వ్రాసిన హయలక్షణ విలాసము గుర్రపు వన్నెను, సుడులను, అంగాల పొందికను బట్టి గుణదోషాలు నిర్ణయించినవి. యుద్ధానికో సవారికో గుర్రాన్ని కొనేవానికి ఆ చూపు చాలును. ఎనిమిది గుర్రాలలో ఏది ఎంత ముందుగా గమ్యం చేరునో చెప్పవలసి వచ్చినప్పుడు సుడులు చాలవు, అంకె కావాలి.

ఆ అంకెకు ఒక క్రమాన్ని ఏర్పరచినవాడు ఇంగ్లండులో అడ్మిరల్ హెన్రీ జాన్ రౌస్. నౌకాదళంలో పనిచేసిన ఈ పెద్దమనిషి 1855లో అక్కడి పందేలకు అధికార హాండికాపరు అయ్యాడు. గుర్రపు వయసును బట్టి, దూరాన్ని బట్టి, నెలను బట్టి మోయవలసిన బరువును నిర్ణయించే పట్టికను అతడు తయారుచేశాడు. నేటికీ వాడుకలో ఉన్న పట్టికలు దాని సంతతివే. బలమైన గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ బరువు ఎత్తి, అన్నీ ఒక్కసారే గమ్యం చేరేటట్లు చూడటం హాండికాపరు ధ్యేయం. అవి ఎన్నడూ ఒక్కసారే చేరవు; కనుకనే పందెం జరుగుతున్నది.

ఈ బరువును అడ్డం పెట్టుకొని గుర్రాలను మదింపు వేయవచ్చును. మైలు దూరపు పందెంలో ఒక గుర్రపు నిడివి ఇంచుమించు ఒక కిలో బరువుకు సమానమని వాడుక లెక్క. దూరం తగ్గినకొద్దీ ఈ విలువ పెరుగుతుంది, దూరం పెరిగినకొద్దీ తగ్గుతుంది. ఒక మైలు పందెంలో 58 కిలోలు మోసిన గుర్రం, 54 కిలోలు మోసిన గుర్రాన్ని 3 నిడివుల తేడాతో ఓడించినదనుకొంటే, బరువులో తేడా 4, నిడివిలో తేడా 3. కాబట్టి మొదటిది రెండవదానికన్న 7 కిలోలు మేలైనది. మరుసటి నెల అవే గుర్రాలు 60, 52 కిలోలతో దిగినవనుకొంటే తేడా 8 కిలోలు. ఈసారి రెండవ గుర్రమే ఒక నిడివి ముందుండవలెను. ఏడవ తరగతి విద్యార్థి చేయగల లెక్క ఇది. గెలిచిన గుర్రం మీదనే మళ్ళీ డబ్బు కట్టే అమాయకునికన్న, ఈ లెక్క చేసినవాడు ఒక మెట్టు పైన ఉన్నమాట నిజమే.

బరువుకు బదులు కాలాన్ని పట్టుకొన్నవారు మరి కొందరు. యార్క్‌షైరులో పుట్టిన ఫిల్ బుల్ గణితశాస్త్ర పట్టభద్రుడు, కొంతకాలం బడిపంతులు. పరుగుకు పట్టిన సమయాన్ని నేల తడి, గాలి, దూరం మొదలైనవాటికి తగినట్లు సవరించి గుర్రాలకు అంకెలు వేశాడు. అతడు 1948లో స్థాపించిన టైమ్‌ఫారం సంస్థ ప్రతి గుర్రానికీ ఒక అంకె ఇవ్వడం ఆరంభించింది. అమెరికాలో ఆండ్రూ బేయర్ అనే పత్రికా రచయిత ఇటువంటి పద్ధతినే మరొక విధంగా పెంచి, 1975లో గ్రంథరూపంలో వెల్లడించాడు. మైదానం ఒక రోజు గట్టిగా, మరొక రోజు మెత్తగా ఉంటుంది. ఆనాటి పందేలన్నిటినీ పోల్చి మైదానపు వేగాన్ని కనిపెట్టి, దానిని తీసివేయగా మిగిలినదే గుర్రపు నిజమైన వేగమని అతని వాదం. ఆ గ్రంథం వెలువడక పూర్వం ఇటువంటి అంకెలు కొద్దిమంది చేతిలోనే ఉండేవి. 1992 నుంచి అవి పందేల దినపత్రికలోనే అచ్చు కాసాగినవి. అణా పెట్టి కొన్న ప్రతివానికీ ఆ రహస్యం తెలిసిపోయింది.

రహస్యం అందరికీ తెలిసినప్పుడు అంకె తప్పయిపోతుందా? కాదు; అంకె ఒప్పే, దాని ధర మారింది. పందెం కట్టేవారు గ్రహించవలసిన ముఖ్యవిషయం ఇక్కడ ఉన్నది. పందెంలో ప్రతిఫలాన్ని నిర్ణయించేది గుర్రం కాదు, పందెం కట్టిన జనం. 1860ల్లో పారిస్‌లో ఒలేర్ అనే వ్యాపారి ప్రవేశపెట్టిన సమష్టి పందెం పద్ధతిలో ఈ సంగతి తేటతెల్లంగా కనబడుతుంది. అందరి సొమ్మూ ఒక రాశిగా పోస్తారు. నిర్వాహకుల వాటా, పన్ను అందులోనుంచి తీసివేస్తారు. మిగిలినది గెలిచినవారు పంచుకొంటారు.

రాశి లక్ష రూపాయలనీ, మినహాయింపు వందకు 20 అనీ అనుకొంటే, పంచేది 80,000. ఒక గుర్రం మీద 40,000 పడినవి. అది గెలిస్తే రూపాయికి 2 రూపాయలు వచ్చును. అంటే జనం దృష్టిలో ఆ గుర్రపు అవకాశం వందకు 40. మన పండితుడు బరువులు, కాలాలు, జాకీ చరిత్ర అన్నీ లెక్కించి, రాత్రంతా మేలుకొని, ఆ గుర్రపు అవకాశం వందకు 40 అనే కచ్చితమైన సత్యాన్ని కనిపెట్టాడు. అటువంటి 100 పందేలలో రూపాయి చొప్పున కడితే, 40 సార్లు గెలిచి 80 రూపాయలు తెచ్చుకొంటాడు. అతని లెక్క అక్షరాలా ఒప్పు. నష్టం 20 రూపాయలు. నష్టం లేకుండా బయటపడవలెనంటే ఆ గుర్రం వందకు 50 సార్లు గెలవాలి, జనమేమో 40 అనుకోవాలి. జనం కంటె అంత ఎక్కువగా తెలిసి ఉండటం సామాన్యమా?

అదే పందెంలో మరొక గుర్రం మీద 2,000 మాత్రమే పడినవి. అది గెలిస్తే రూపాయికి 40. దాని నిజమైన అవకాశం వందకు 4 అయితే, నూటికి 96 సార్లు ఓడే ఆ గుర్రమే మంచి పందెం. మంచి గుర్రం చెడ్డ పందెం కావచ్చును, చెడ్డ గుర్రం మంచి పందెం కావచ్చును. గుర్రాలను మాత్రమే మదింపు వేసే పద్ధతి ఏదీ ఈ సంగతి చెప్పదు. పైగా ఆ 4 అనే అంకెలో చిన్న పొరపాటు జరిగి అసలు అవకాశం 2 మాత్రమే అయితే, మళ్ళీ వందకు 20 నష్టమే.

జనం అజ్ఞానులు గదా, వారిని మించడం ఎంత పని అనుకొనేవారున్నారు. జనాన్ని తక్కువగా అంచనా వేయరాదు. 1949లో గ్రిఫిత్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అమెరికా పందేల ఫలితాలను జనం కట్టిన ధరలతో పోల్చి చూశాడు. మొత్తం మీద జనం అంచనా వాస్తవానికి చాలా దగ్గరగా ఉన్నట్లు తేలింది. ఒక లోపం మాత్రం కనబడింది: అవకాశం తక్కువైన గుర్రాల మీద ఉండవలసినదానికన్న ఎక్కువ డబ్బు, అవకాశం హెచ్చైన గుర్రాల మీద తక్కువ డబ్బు పడుతున్నది. రూపాయికి నలభై వచ్చునన్న ఆశ మనిషి చేత చేయించే తప్పు అది. ఆ లోపం కూడా సాధారణంగా మినహాయింపును పూడ్చేటంత పెద్దది కాదు.

అయితే నిజంగా గెలిచినవారు లేరా? ఉన్నారు, దాచవలసిన పని లేదు. బోల్టన్, చాప్‌మన్ అనే ఇద్దరు పండితులు 1986లో గుర్రపు లక్షణాలనుంచి దాని గెలుపు అవకాశాన్ని గణించే ఒక సూత్రాన్ని ప్రకటించారు. విలియం బెంటర్ అనే అమెరికన్, హాంకాంగులో ఆ మార్గాన్నే అనుసరించి కంప్యూటరు సహాయంతో అపారమైన ధనం గడించాడు. అతని మొదటి ప్రయత్నాలు నష్టంతోనే ముగిసినవి. 1994లో అతడు తన పద్ధతిని స్వయంగా ఒక వ్యాసంలో వివరించాడు. ఏళ్ళ తరబడి సేకరించిన వివరాలతో నిర్మించిన తన సూత్రం ఒంటరిగా చాలదని, జనం కట్టిన ధరను కూడా అందులో ఒక అంశంగా కలిపినప్పుడే అది లాభసాటి అయినదని ఆ వ్యాసం వల్ల తెలుస్తున్నది. ప్రపంచంలోకెల్ల గొప్ప మదింపుదారు జనవాక్యాన్ని కాదనలేదు. దానికి తనకు తెలిసిన కొసరును జోడించాడు. అశ్వహృదయానికి అక్షహృదయం కలిసిన చోటు అదే.

ఆ విజయానికి పరిస్థితులు కూడా తోడ్పడినవి. హాంకాంగులో రెండే మైదానాలు. ఆ కొద్ది గుర్రాలే మళ్ళీ మళ్ళీ ఒకదానితో ఒకటి పరుగెత్తుతవి. ప్రతి వివరమూ నమోదవుతుంది. పందెపు రాశి సముద్రమంత పెద్దది. అందులో లక్షలు కట్టినా ధర అంతగా కదలదు. చిన్న రాశిలో తెలివైనవాడు పెద్ద మొత్తం కడితే, అతని సొమ్మే అతని ధరను పడగొడుతుంది. మన దేశంలోనైతే పందెంగా కట్టిన పూర్తి సొమ్ము మీద వస్తుసేవల పన్ను 2023 అక్టోబరు నాటి చట్టసవరణతో 28 శాతంగా ఖాయమై, 2025 సెప్టెంబరు నుంచి 40 శాతానికి పెరిగింది. ఇంత బరువు ఎత్తిన తరువాత ఋతుపర్ణుడు స్వయంగా వచ్చి లెక్క కట్టినా లాభం కనబడటం కష్టం.

1886లో మలక్‌పేటకు తరలి వచ్చిన హైదరాబాదు పందేలను తరతరాలుగా చూస్తున్న తెలుగువారికి మరొక వాదం బాగా పరిచితం. మద్రాసు పందేలకు సంబంధించిన వ్యాజ్యంలో 1996 జనవరిలో సుప్రీంకోర్టు, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన క్రీడ అనీ, జూదం కిందికి రాదనీ తీర్పు చెప్పింది. తీర్పు హేతుబద్ధమే. గుర్రపు వంశం, శిక్షణ, జాకీ సామర్థ్యం, పందెం కట్టేవాని పరిజ్ఞానం ఫలితాన్ని ప్రభావితం చేస్తవని ఎవరు కాదనగలరు? కాని న్యాయస్థానం చెప్పినది ఆట స్వభావాన్ని గురించి; పందెం కట్టేవాని జేబును గురించి కాదు. నైపుణ్యం ఉన్న చోట లాభం ఉంటుందని అది హామీ ఇవ్వలేదు. చదరంగం కేవలం నైపుణ్యమే. అయినా తనకన్న బలవంతునితో రోజూ పందెం కట్టి ఆడేవాడు రోజూ ఓడతాడు. నైపుణ్యపు ఆటలో తక్కువ నైపుణ్యం కలవాని ఓటమి, పాచికల ఆటలోకన్న నిశ్చయమైనది. తీర్పును తమకు అభయహస్తంగా చూపుకొనేవారు ఈ సగభాగాన్ని చదవడం లేదు.

ఇంతగా చెప్పిన తరువాత, ఈ విద్యను బడి గుమ్మం దాకా కూడా రానీయరాదని కొందరు ఉపాధ్యాయులు తలంచవచ్చును. ఆ అభిప్రాయం సరియైనది కాదు. పందేల పుట విద్యార్థి కంట పడనే పడుతుంది. గణితంలో నూటికి తొంభై తెచ్చుకొన్న కుర్రవాడు, లోకమంతా తనకన్న లెక్క తక్కువ తెలిసినదని ఏదో ఒకనాడు అనుకోక మానడు. అతనికి ఎదురుపడవలసినది నీతిబోధ కాదు. అతని స్వంత లెక్కే. సంభావ్యత పాఠం చెప్పేటప్పుడు పాచికలు, నాణేలు, రంగు బంతులు ఎన్నాళ్ళు వాడతారు? ఒక పందేల కాలం పొడుగునా, దమ్మిడీ కట్టకుండా, తరగతి అంతా కలిసి ఒక నోటుపుస్తకం పెట్టవచ్చును. ఒక గడిలో విద్యార్థి తన మదింపు ప్రకారం వేసిన అవకాశం, రెండవ గడిలో అచ్చయిన ధర, మూడవ గడిలో ఫలితం, చివరి గడిలో రూపాయి కట్టి ఉంటే మిగిలేది లేదా పోయేది. ఒక్క నిబంధన మాత్రం ఉపాధ్యాయుడు గట్టిగా పాటింపజేయాలి: మొదటి గడి పందెం జరగకముందే సిరాతో వ్రాయించాలి, తరువాత దిద్దనీయరాదు.